అచ్చయిన ఏడుపు

ఎండుచేపలు తిరగేస్తుంటే మొగుడు తిరిగొచ్చాడు. తెల్లవారుజామున వేటకి వెళ్ళిన మనిషి పొద్దు బారెడు ఎక్కకముందే ఇంటికి రావడం నాంచారమ్మకి కొత్త. చేతిలో చద్దన్నం క్యారేజీ వెళ్ళినప్పుడు ఎంత బరువుందో అంతే బరువుగా ఉంది. పోతురాజు దాన్ని అరుగు మీద పెట్టి, ఆమె చేసే పని చూస్తూ నిలబడ్డాడు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని ఆమెకి భయం. అలాంటి భయం వేసినప్పుడల్లా చేసే పనే ఇప్పుడూ చేసింది. పందిరి రాటలకి కట్టిన చీర ఉయ్యాల దగ్గరకెళ్ళి, తొమ్మిది నెలల చంటాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి వెచ్చగా తగిలింది. మళ్ళీ వచ్చి చేపల దగ్గర కూచుంది.

"నన్ను పడవెక్కనియ్యలేదే," అన్నాడు చివరికి. "నీ పెళ్ళాం గంగమ్మ తల్లిని దొంగంది, గొడ్రాలంది, పుస్తకంలో అచ్చేయించింది, నువ్వు కాలు పెట్టిన పడవ ఒడ్డుకి రాదన్నారు. పరాయోళ్ళు అంటే ఊరుకుందును. మా చిన్నాన్న కొడుకే అన్నాడు."

"ఎన్నాళ్ళు మావా?"

"ఎన్నాళ్ళేంటి? నువ్వా మాట వెనక్కి తీసుకునేదాకా. సాయంత్రం పెద్దిరాజు బాబాయి వస్తానన్నాడు. ఆయన చెప్పినట్టు చెయ్యి. ఎదురు మాట్లాడమాక."

నాంచారమ్మ మిగతా చేపలు కూడా తిరగేసింది. తిరగెయ్యకపోతే అడుగున పురుగు పడుతుంది, పురుగు పడితే ఆ మాటా తనే పడాలి.

హంసలదీవికి అవతల, ఏరు సముద్రంలో కలిసే మొగకి దగ్గరగా ఉన్న ఆ పాలెంలో ఏడవడం కూడా ఆడవాళ్ళ పనే. నీళ్ళు మోసినట్టు, చేపలు ఎండేసినట్టు అదీ వాళ్ళే చెయ్యాలి. సముద్రం మీదకెళ్ళినవాడు రాకపోతే మగాళ్ళు దూరంగా కూచుని చుట్టలు కాలుస్తారు. ఆడవాళ్ళు గుమిగూడి రాగం తీస్తారు. పోయినవాడి మంచీ చెడ్డా, వాడు ఇష్టంగా తిన్న కూర, వాడు కొట్టిన దెబ్బలు, అన్నీ ఆ రాగంలో వస్తాయి. ఆ తర్వాత గంగమ్మ వంతు. తల్లీ అని మొదలుపెట్టి తిట్టని తిట్టు లేకుండా తిడతారు. అది తప్పని ఎవరూ అనుకోలేదు. అత్త మహాలక్ష్మమ్మ తన మొగుడు పోయిననాడు "నా తాళి తెంచి నీ మెళ్ళో కట్టుకున్నావటే ముండా" అని ఏడ్చింది. ఆ ఏడుపు గురించి ఇప్పటికీ పాలెంలో గొప్పగా చెప్పుకుంటారు. ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న పెద్దిరాజు తల్లి అమ్మవారి గుడి తలుపు మీదకి చెప్పు విసిరిందట.

నాంచారమ్మది మంచి గొంతు. ఎవరింట్లో చావు జరిగినా "అమ్మాయ్, నువ్వొచ్చి ఎత్తుకో" అని కబురొచ్చేది. పొయ్యి మీద ఎసరు దించేసి వెళ్ళేది. గంటల తరబడి ఏడ్చి, గొంతు బొంగురుపోయి ఇంటికొస్తే "ఊళ్ళో వాళ్ళ మొగుళ్ళకి ఏడ్చింది చాలు, నీ మొగుడికి కూడెక్కడ" అనేది అత్త.

ఉప్పెన వచ్చిన రోజున నాంచారమ్మ ఇంటి కప్పు వాసం ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నాలుగేళ్ళ కూతురు భూలక్ష్మిని పట్టుకుంది. కడుపులో మూడో నెల. వాసం పట్టుకున్న చెయ్యి నిలిచింది. రెండో చెయ్యి నిలవలేదు. పిల్ల దొరకలేదు. పోయినవాళ్ళ పేర్లు రాసుకోవడానికి వచ్చినాయన శవం చూపించమన్నాడు. లేదని చెబితే, "సరే, తర్వాత రాసుకుంటాలే" అన్నాడు. ఆ 'తర్వాత' మళ్ళీ రాలేదు. కడుపుతో రెండుసార్లు అవనిగడ్డ వెళ్ళి ఆఫీసు వసారాలో కూచుంది. జాబితా పైకి వెళ్ళిపోయిందన్నారు. ఏడాది దాటింది. సర్కారు లెక్కలో భూలక్ష్మి చావలేదు, పాలెంలో చూస్తే లేదు.

అప్పుడొచ్చింది కనకదుర్గ గారు. బందరు కాలేజీలో లెక్చరరు. మొదట పాత చీరలూ పాలపొడీ పంచడానికి వచ్చి, తర్వాత ఒక్కతే నోటుపుస్తకం పట్టుకుని వచ్చేది. ఆడవాళ్ళు ఏడ్చే పాటలు రాసుకుంటానంది. మిగతావాళ్ళు నవ్వారు. నాంచారమ్మ మాత్రం ఆమె పక్కన ఇసకలో కూచుని, ఎవరూ పోకుండానే, మళ్ళీ మొదటినుంచీ ఏడ్చింది.

అమ్మా గంగమ్మా, నీ గడపకి పసుపు రాసిన చేతులమ్మా
ఆ చేతుల్లోంచి దొంగలా లాక్కుపోయావా
గొడ్రాలివి నీకేం తెలుసే పాలు గడ్డకట్టిన నొప్పి
నా భూలక్ష్మికి చీకటంటే భయం, దీపం పెట్టావా అక్కడ

కనకదుర్గ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. పుస్తకంగా వేస్తానంది.

"పిల్ల పేరు వేస్తారాండీ?"

"వేస్తాను. నీ పేరు కూడా వేస్తాను."

వేసింది. పల్చటి పుస్తకం, నీలం అట్ట. నాంచారమ్మ ఆరో క్లాసు సగంలో, పెద్దమనిషైన వారానికి బడి మానేసిన మనిషి. మేష్టారు ఇంటికొచ్చి అడిగితే "ఇది కలెక్టరు చెయ్యాలా ఏంటండీ" అన్నాడట నాన్న. చదవడం మర్చిపోలేదు, కానీ ఈ ఇంట్లో చదవడానికి ఏమీ లేక, వచ్చని ఎవరికీ చెప్పే అవసరం రాలేదు. మధ్యాహ్నం అత్త కునుకు తీసినప్పుడు ఆ ఒక్క పేజీ తీసి చదువుకునేది. భూలక్ష్మి అని రెండుచోట్ల ఉంది. లోకంలో ఇంకెక్కడా లేదు.

గొడ్రాలన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకి తెలుసు. పెళ్ళైన మూడేళ్ళదాకా కడుపు పండకపోతే మహాలక్ష్మమ్మ నూతి దగ్గరా పేరంటాల్లోనూ, అన్నం వడ్డిస్తూ కూడా ఆ మాటే అనేది. పేరు పెట్టి పిలవడమే మానేసింది. గంగమ్మని నొప్పించాలని వెతుక్కుంటే, తనని అన్నిటికన్నా నొప్పించిన మాటే చేతికి తగిలింది.

బందరులో ఎవరో ఆ మాట పట్టుకున్నారు. పేపరుకి రాశారు. కాలేజీ గేటు ముందు పుస్తకాలు తగలబెట్టారు. కనకదుర్గ గారిని ఉద్యోగానికి రావద్దన్నారు, విచారణ పెట్టారు. ఆమె కార్డు రాసింది. 'ఎమర్జెన్సీ కూడా పోయింది నాంచారమ్మా. మన మాట మనం చెప్పుకునే హక్కు మనకుంది. ఎవరైనా అడిగితే అవి నీ మాటలేనని చెప్పు, చాలు. మిగతాది నేను చూసుకుంటాను.' పాపం ఆవిడకి మిగతాది అంటే విచారణే. ఆ మిగతాదాంట్లో పడవ కూడా ఉందని ఆవిడకి ఎలా తెలుస్తుంది.

సాయంత్రం కులపెద్ద పెద్దిరాజు ఒక్కడే రాలేదు. వెంట బందరు నుంచి ప్లీడరు గుమాస్తా శోభనాద్రి గారు వచ్చాడు. పుస్తకం మీద గొడవ చేసినవాళ్ళు పంపించారట. మహాలక్ష్మమ్మ చాప పరిచింది. నాంచారమ్మ చంటాణ్ణి ఒళ్ళో వేసుకుని రాటకి ఆనుకుని కూచుంది.

"ఏడిస్తే ఏడిచావమ్మా," అన్నాడు పెద్దిరాజు మెల్లిగానే. "నిన్నెవరన్నా కాదన్నారా? మా అమ్మ చెప్పు విసిరితే నేనే ఏరి తెచ్చి మళ్ళీ కాలికి తొడిగా. ఏడుపులో మాట అమ్మోరు పట్టించుకోదు. అచ్చులో మాట అట్టా కాదు. బందరులో కూకున్నోళ్ళు చదివి, వీళ్ళకి దైవభయం లేదు, అందుకే ఉప్పెనొచ్చిందంటున్నారు."

"నేను ఏడ్చిందే కదా బాబాయ్ అందులో ఉంది. ఒక్క మాట ఎక్కువ లేదు."

"అదేనమ్మా నే చెప్పేది."

"దేవతని పట్టుకుని గొడ్రాలనడమా," అన్నాడు శోభనాద్రి. "ఒక ఆడదాని నోట రావలసిన మాటేనా అది?"

మహాలక్ష్మమ్మ కొంగు చివర దారం ఏదో ఊడినట్టు దాన్నే చూస్తూ కూచుంది.

"అందుకే, ఆ మాట నీది కాదని రాసిస్తే సరిపోతుంది," అన్నాడు గుమాస్తా. "ఆ లెక్చరరమ్మే కల్పించి నీ పేరు పెట్టింది. నీకు తెలీదు. ఈవిడకి చదువొచ్చా?"

"మా ఇళ్ళల్లో ఆడోళ్ళకి చదువేంటండీ," అంది అత్త. పోతురాజు కూడా "రాదండీ" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. తొమ్మిదేళ్ళ కాపురంలో అడగలేదు, అంతే.

"రాకపోవడమే మంచిది. వచ్చినావిడైతే పాట తెలిసే ఇచ్చిందంటారు. వేలిముద్ర చాలు." తర్వాత పెద్దిరాజు వైపు వంగి గొంతు తగ్గించాడు. "ఆ పిల్ల పేరు సర్కారు జాబితాలో లేదన్నారుగా?"

"లేదండీ. శవం దొరకలేదు."

"సరే సరే."

నాంచారమ్మ మొగుడి వంక చూసింది. పొద్దుటి నుంచీ అతను ఏమీ తినలేదు. అతనికి సముద్రం తప్ప వేరే పని చేతకాదు. చంటాడు నిద్రలో పెదాలు చప్పరిస్తున్నాడు. తను తింటేనే వాడికి పాలు. ఆ తర్వాత కనకదుర్గ గారు గుర్తొచ్చింది. కార్డులో చివర 'నీ అక్క' అని రాసింది. ఆవిడకి జీతం పోతుంది. ఊళ్ళో పరువు పోతుంది. కానీ రేపు పొద్దున్న ఆవిడ ఒళ్ళో ఆకలికి ఏడ్చే పిల్లాడు ఉండడు. ఇలా అనుకున్నందుకు తనమీద తనకే రోత పుట్టింది.

"రాసుకోండి," అంది.

పెద్దిరాజు పుస్తకం అడిగాడు. పెట్టె అడుగునుంచి తీసిచ్చింది. సముద్రంలో వేస్తారట.

శోభనాద్రి పీట మీద కాయితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. గొలుసుకట్టు రాత. నాంచారమ్మ పక్కనుంచి, చంటాణ్ణి జోకొడుతున్నట్టే తల వంచుకుని, అతని కలం వెనకాలే చదువుకుంటూ పోయింది. నేను చదువు రానిదానను. సదరు పాట నేను పాడియుండలేదు. సదరు కనకదుర్గ స్వయముగా కల్పించి నా పేరు వాడుకొన్నది. అక్కడిదాకా అనుకున్నదే. కలం కాస్త ఆగి మళ్ళీ కదిలింది. నాకు మగబిడ్డ ఒక్కడే సంతానము. భూలక్ష్మి అను ఆడపిల్ల నాకు ఎన్నడును పుట్టియుండలేదు.

రెండోసారి చదివింది. అక్షరాలు మారలేదు.

"చదివి వినిపించాలి, అది పద్ధతి," అని శోభనాద్రి గొంతు సవరించుకుని చదివాడు. చదువు రాకపోవడం చదివాడు, పాట చదివాడు, కనకదుర్గ గారిని చదివాడు. ఆ తర్వాత పంక్తి మీదుగా వేలు జరిపి, "చదివి వినిపించగా ఒప్పుకొని వేలిముద్ర వేసితిని" దగ్గరికి వచ్చేశాడు.

పోతురాజు హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. అతనికి తెలీదు. పెద్దిరాజుకీ తెలీదు. ఇక్కడున్నవాళ్ళలో ఇద్దరికే తెలుసు, ఆ ఇద్దరిలో ఒకరికి, కాయితం ప్రకారం, చదువు రాదు. ఆ పంక్తి ఎందుకు చదవలేదండీ అని ఒక్క మాట అడిగితే, తనకి చదువొచ్చనీ, పాట తెలిసే ఇచ్చిందనీ తేలిపోతుంది. కాయితం చెల్లదు. పడవ కదలదు.

"ఇంకేమన్నా ఉందాండీ?" అంది.

"లేదమ్మా. అంతా చదివాను."

సిరా దూది ముందుకి జరిపాడు. ఆమె ఎడమచేతి బొటనవేలు ఇచ్చింది. అతను ఆ వేలు పట్టుకుని, నేర్పుగా అటూ ఇటూ దొర్లించి కాయితం మీద నొక్కాడు.

"చూశావా, గడియలో అయిపోయింది," అన్నాడు పోతురాజు. పొద్దుటి నుంచీ లేని నవ్వు అతని మొహంలోకి వచ్చింది. "దీనికింత ఏడుపెందుకే. నీదేం పోయింది?"

"ఏం పోలేదు మావా," అంది నాంచారమ్మ, సిరా వేలు చీరకి తుడుచుకుంటూ. "నాకు మగబిడ్డ ఒక్కడే సంతానం. ఆడపిల్ల ఎన్నడూ పుట్టలేదు."

కాయితం మడత పెడుతున్న శోభనాద్రి చెయ్యి ఆగిపోయింది.