ఎర్రకారు ఏడుపు

నెహెమ్యా ఇంజను ఆపేసి, గేరు తీసి, కారును దిగుడులో వదిలేశాడు.

కొండవైపు నుంచి కడప ఊళ్లోకి దిగే రోడ్డు అది. పొద్దుటెండ అప్పుడే చురుక్కుమంటోంది. రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు, నేలకు జానెడెత్తున, తన బరువుకు తానే జారుతోంది. ఇంజను చప్పుడు లేదు కదా, అయినా వెనకనుంచి సన్నగా కూత మొదలైంది. వేగం పెరిగేకొద్దీ అదీ పెరిగింది. స్టీరింగు కొంచెం ఎడమకు తిప్పాడు, కుడికి తిప్పాడు. మారలేదు. చక్రాల బేరింగులైతే మారాలి. గేరు పళ్లయితే ఇంజను లాగేటప్పుడు ఒక తీరుగా, వదిలేస్తే ఇంకో తీరుగా కూయాలి. ఇదేమో లాగినా వదిలినా ఒకటే రాగం. అంటే రెండు వెనక చక్రాల నడుమ ఇనుప గుండులా వేలాడే డిఫరెన్షియల్ లోపల, ఏదో బేరింగు అరిగింది. ఏండ్లుగా దొరకని దొంగ దొరికినట్టే. అయినా ఆయనకు సంతోషం కలగలేదు. ఈ మధ్య ఆయనకు ఏదీ కలగడం లేదు.

కారు కేశవయ్యది. కేశవయ్య బండల వ్యాపారి. తోటి వ్యాపారులు మేడమీద మేడ కట్టుకుంటుంటే, ఈయన వయసులో ఉండగా బెంగుళూరు పోయి ఈ ఎర్రకారు కొనుక్కొచ్చాడు. ఊరంతా ఒకదారి, ఉలిపికట్టెదొకదారి. స్పీడు బ్రేకరు వస్తే చాలు, పొట్ట రాసుకుని కుంయ్యోమనే ఆ కారుకు మొదటినుంచీ మెకానిక్కు నెహెమ్యాయే. వేరేవాళ్లను కేశవయ్య తాకనిచ్చేవాడు కాదు.

కూత మొదలయ్యాక నెహెమ్యా ఆయిలు మార్చాడు, టైర్లు మార్చాడు, చక్రాల బేరింగులు మార్చాడు. డిఫరెన్షియల్ విప్పుతానంటే మాత్రం కేశవయ్య ఒప్పుకోలేదు. "నడిచే బండిని విప్పి, సామాను దొరక్క పాడెమీద పెట్టినట్టు పెడతావా? వద్దప్పా" అనేవాడు. మళ్లీ ఆయనే బద్వేలు రోడ్డున ఒక చుట్టు తిరిగొచ్చి, షెడ్డు ముందర ఆపి, "ఏడుస్తానే ఉండాది నెహెమ్యా. నీచేత కాదులే" అనేవాడు. ఇద్దరి స్నేహమూ ఆ ఒక్క మాట మీదే నడిచింది. ఒకరింట్లో ఒకరు కూర్చుని అన్నం తిన్నది లేదు, కష్టసుఖాలు చెప్పుకున్నది లేదు.

ఇప్పుడు కేశవయ్య మంచాన పడ్డాడు. ఇంటికి తీసుకుపోండి, అడిగింది పెట్టండి అన్నారు డాక్టర్లు. ఆయన తిండేమీ అడగలేదు. మంచాన్ని రోడ్డువైపు కిటికీ పక్కన వేయించుకున్నాడు. మెకానిక్కుకు కబురు పంపాడు: "ఇప్పు. పోతే పోనీ. అది ఏడవకుండా ఒక్కతూరి ఈ ఇంటిముందర వస్తే ఇని పోతా."

కారు ఆ కిటికీ కిందే ఆగింది. నెహెమ్యా చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాడు. కేశవయ్య దుప్పటికింద ఉన్నాడో లేడో అన్నంత చిక్కిపోయాడు. మంచాన పడ్డాక చూపు కూడా పోయింది. చెవులు మాత్రం కుందేలు చెవులు.

"ఇంజను ఆపి దిగినావు కదా?"

"ఆపినా సావుకారా."

"అయినా ఏడుస్తాండాది."

"బేరింగు. ఈ పొద్దు ఇప్పుతా. సాయంత్రం ఇదే దిగుడులో ఇంజను ఆపుకోని వస్తా. నేనొచ్చింది నీకు తెలీదు, చూడు."

కేశవయ్య బోసినోరు తెరిచి నవ్వాడు. "నాకు తెలీకుండా వస్తావా? పందెం. వచ్చినావంటే నీచేతనైతాదని ఒప్పుకుంటా."

"హారన్ కూడా కొట్టను."

"కొట్టినావో, పందెం పోయినట్టే."

మందుగ్లాసు పట్టుకుని నిలబడిన కోడలు హిమబిందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నెహెమ్యా అటు చూడలేదు.

షెడ్డులో కారును దిమ్మెలమీదికి ఎత్తి, కిందికి దూరాడు. ఆయిలు దింపితే నల్లగా వచ్చింది. వేళ్లమధ్య రుద్దితే వెండిపొడిలా మెరిసింది. ఇనుము అరిగిన పొడి. యాక్సిళ్లు లాగాడు, షాఫ్టు ఊడదీశాడు, ఆ ఇనుప గుండును పసిబిడ్డను దించినట్టు రొమ్ముమీదికి దించుకున్నాడు. విప్పేముందు ప్రతి ముక్కమీదా సుత్తితో చిన్న గాటు పెట్టాడు. ఎక్కడ విప్పింది అక్కడికే పోవాలి. గేర్లు బాగానే ఉన్నాయి. పినియన్ గేరు వెనక బేరింగును వేలితో తిప్పితే గరగరమంది. లోపల రోలర్లు అమ్మవారు పోసిన ముఖంలా గుంటలు పడి ఉన్నాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. పిడికిట్లో పట్టే వస్తువు, ఇన్నేండ్లూ ఇద్దరు మగవాళ్లను ఏడిపించింది.

దానిమీద చెక్కిన నంబరు పట్టుకుని బజారుకు పోతే, ఏదో టెంపోకు వేసే బేరింగు సరిగ్గా అదే కొలతలో దొరికింది. "ఇంత సులువా?" అనుకున్నాడు. లేతు షెడ్డు బసవరాజు పాతది ప్రెస్సుమీద ఊడగొట్టి, కొత్తది ఎక్కించి ఇచ్చాడు.

"కేశవయ్య శెట్టికి ఎట్లుండాదన్నా?" అని అడిగాడు బసవరాజు.

"చెవులు బాగుండాయి" అన్నాడు నెహెమ్యా. పాత బేరింగును, దాని బయటి గిన్నెను తుడిచి చొక్కాజేబులో వేసుకున్నాడు. కేశవయ్య చేతికిచ్చి తడిమించాలి.

గేర్లు తిరిగి కూర్చాక, పళ్లు ఒకదానికొకటి ఎక్కడ తగులుతున్నాయో చూడాలి. దానికి రంగు కావాలి. నెహెమ్యా పద్ధతి వేరు. బట్టలకు పెట్టే నీలిమందును గ్రీసులో కలిపి పళ్లకు పూస్తాడు. ఆ నీలిమందు ఆయన భార్య జీవమ్మది. చర్చి బల్లమీద పరిచే తెల్లగుడ్డలు, అయ్యగారి అంగీలు ఆమె ఉతికేది. ప్రతి శనివారం నీలిమందు పెట్టి, మల్లెపూవులా ఆరేసేది. మిగిలింది మూటగట్టి షెడ్డులో మేకుకు తగిలించేది. పోయిన వేసవిలో జీవమ్మ పోయింది. సమాధి దగ్గర అందరూ ఏడ్చారు, ఈయన ఏడవలేదు. "రాయిరా వీడు" అంది పెద్దక్క అందరిముందరే. రాయి కాదని చెప్పడానికి ఆయన దగ్గర సాక్ష్యం కూడా లేదు. షెడ్డుకొచ్చి పని చేసుకున్నాడు. మూట మేకునే ఉండిపోయింది.

ఇప్పుడు దాన్ని దించాడు. ముడి జీవమ్మ వేసింది, గట్టి ముడి. పళ్లతో లాగి విప్పాడు. ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించనందుకు మాత్రం కొంచెం భయం వేసింది. నీలిమందు కలిపి, పళ్లకు పూసి, గేరును చేత్తో తిప్పాడు. నీలిమచ్చ పంటి నడిమధ్య చక్కగా పడింది. జీవమ్మ ఉండి ఉంటే, "పడింద్యా?" అని గుమ్మంలోంచి అడిగేది. "పడింది" అన్నాడు ఖాళీ షెడ్డులో.

పొద్దు వాలేవేళకు బండి కిందికి దిగింది. బద్వేలు రోడ్డున పోయి చూశాడు. లాగాడు, వదిలాడు, మళ్లీ లాగాడు. కూత లేదు. టైర్లు రోడ్డును నాకే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరి కారో నడుపుతున్నట్టు అనిపించింది. చుట్టు తిరిగి కొండవైపు ఎక్కి, దిగుడు మొదట్లో ఇంజను ఆపాడు.

కారు జారింది. రోడ్డంచున పడుకున్న కుక్క తల కూడా ఎత్తలేదు. బండలు ఎత్తుకున్న లారీ ఒకటి ఎదురుగా మూలుగుతూ పోయింది. ఎర్రకారు మాత్రం నీడలా వచ్చి కేశవయ్య కిటికీ కింద ఆగింది.

నెహెమ్యా దిగలేదు. గెలిచాడు కదా! ఆ సంగతి ముసలాయనకు ఎంతసేపటికి తెలుస్తుందో చూద్దామని కూర్చున్నాడు. చెయ్యి హారన్ పక్కనే ఉంది. కొడితే పందెం పోతుంది. కిటికీలోంచి మాటలు గొణుగుడుగా వినిపించాయి, ఏమిటో తెలియలేదు. ఎన్నాళ్లకో ఆయన ముఖానికి నవ్వు వచ్చింది. కొత్త చొక్కాలాగా అది కొంచెం బిగుతుగా ఉంది. తర్వాత మాటలు ఆగిపోయాయి. ఇంకాసేపు కూర్చుని, అప్పుడు దిగాడు.

గుమ్మంలో హిమబిందు ఉలిక్కిపడింది. "అయ్యో, ఎప్పుడొచ్చినావన్నా? ఇనపడనే లేదే!"

"శానాసేపాయ తల్లీ. కిందనే కూర్చోనుండా."

"కిందనే ఉన్న్యావా? మామ ఇంతసేపూ అడుగుతానే ఉండె. ఎర్రకారు రాలేదా, ఇంకా రాలేదా అని. రాలేదు మామా అని చెప్తానే ఉండా. ఇప్పుడే మాట ఆపినాడు. కునుకు పట్టినట్టుండాది."

ఆమె కాఫీకని వంటింట్లోకి పోయింది. నెహెమ్యా మంచం పక్కన స్టూలుమీద కూర్చున్నాడు. కేశవయ్య ముఖం కిటికీవైపే తిరిగి ఉంది. ఒక చెయ్యి చెవివెనక దొప్పలా పట్టినది పట్టినట్టే దిండుమీద వాలి ఉంది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

"సావుకారా" అన్నాడు నెహెమ్యా. "వచ్చినా."

ఇంజన్లు చూసిచూసి, ఏది ఆగిందో ఏది నడుస్తోందో తెలిసిన మనిషి. రెండోసారి పిలవలేదు. హారన్ ఒక్కటి కొట్టి ఉంటే సరిపోయేది. ఆ సంగతి ఆయన మనసులో రాయి పడ్డట్టు పడి, అక్కడే కూర్చుంది. ఏడుపు ఇప్పుడూ రాలేదు.

జేబులోంచి పాత బేరింగు తీశాడు. రోలర్లను గిన్నెలో పెట్టి, కేశవయ్య చెవి దగ్గరగా వంగి, మెల్లగా తిప్పాడు. గరగరమంది.

"ఇదే సావుకారా, ఏడ్చింది" అన్నాడు. "తీసేసినా. అందుకే నీకు ఇనపడలా."

ఇంకొంచెంసేపు తిప్పాడు. తర్వాత, "బిందమ్మా, ఇట్లా రా" అని పిలిచాడు.

ఇల్లు నిండింది. బండల మిషన్ల కూలీలు, బజారు వ్యాపారులు, చుట్టాలు వచ్చారు. ఐసుపెట్టె వ్యాను లోపలికి రావాలి, గేటుముందర కారెవరిది, తీయండి అన్నారెవరో. నెహెమ్యా ఇంజను వేయలేదు. హ్యాండ్‌బ్రేకు వదిలి, తలుపు పట్టుకుని తోశాడు. ఎర్రకారు ఏ చప్పుడూ లేకుండా పక్కకు పోయింది. ఎవరూ తిరిగి చూడలేదు. తాళం హిమబిందు చేతిలో పెట్టి, చెప్పులేసుకుని షెడ్డువైపు నడిచిపోయాడు.

మంచం తీసేశాక ఆ గదిలో కిటికీ ఒక్కటే మిగిలింది. దాని సున్నపు గట్టుమీద నీలిమందు అంటిన బొటనవేలి ముద్ర, దాని పక్కన అరిగిపోయిన బేరింగు.