చదివే పిల్ల ఉన్న ఇల్లు

సమ్మమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా విషం విషయంలో ఆమె ఎన్నడూ పొరపాటు పడలేదు. పత్తి చేనుకు కొట్టే మందు ఏ సీసాలో ఉన్నా సరే, దాని మెడకు ఎర్ర గుడ్డపేలిక కట్టేది. పేలిక ఉంటే చేనుకు, లేకపోతే కడుపుకు. వర్ధన్నపేట పక్కనున్న ఆ ఊళ్లో, వాళ్ల వాడకట్టు ఆడవాళ్లందరిదీ అదే పద్ధతి. మాటలు రాని పిల్లలు కూడా ఎర్రపేలిక కనబడితే చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్లు.

ఆ పేలికలు మన్విత చదువుతో ఊడిపోయాయి.

మన్విత సమ్మమ్మ మనుమరాలు, ఐదేళ్ల పిల్ల. తల్లి వినోద వరంగల్‌లో బట్టల షాపులో పనిచేస్తుంది. పొద్దున బస్సెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు చేరేది. పక్కన కూర్చోబెట్టుకుని చదివించే తీరిక లేక, ఇంట్లో ఉన్న పాత ఫోన్లో చదువు నేర్పే వీడియోలు పెట్టి పోయేది. తెర మీద బొమ్మ వస్తుంది, కింద అక్షరాలు వస్తాయి, ఒక తియ్యటి గొంతు చదువుతుంది, ఆ గొంతుతోపాటు పిల్ల చదవాలి. వానలు వెనకబట్టేసరికి మన్విత పుస్తకం మీద వేలు పెట్టి గడగడా చదివేస్తోంది. తండ్రి శ్రీకాంత్ వీడియో తీసి స్టేటస్ పెట్టుకున్నాడు. వాడకట్టు ముసలమ్మలు మందుబిళ్లల అట్టలు పట్టుకొచ్చి "జర చదువు బిడ్డా" అని ఆ పిల్ల ముందు కూర్చోసాగారు. మన్విత ఎవరినీ ఉత్తచేతులతో పంపలేదు. వచ్చిన చిక్కంతా అదే.

సమ్మమ్మకు మాత్రం ఎక్కడో తేడా కొట్టింది. పిల్ల వేలు గీతల చివరికి వచ్చి ఆగిపోయేది, నోరు మాత్రం ఆగేది కాదు. ఒకరోజు పుస్తకంలో ఏనుగు తలకిందులుగా నిలబడి ఉంది, పిల్ల ఆపకుండా చదువుతూనే ఉంది. ఆ మాటే కొడుకు చెవిన వేసింది.

"నీకేం ఎరుకనే అమ్మా, నువ్వేమన్న బడికి పోయినవా?" అన్నాడు శ్రీకాంత్. నవ్వుతూనే అన్నాడు. సమ్మమ్మ మాత్రం మళ్లీ ఆ ఊసెత్తలేదు.

దసరా దాటాక పత్తికి పురుగు పట్టింది. శ్రీకాంతూ, పక్కింటి రాజేశ్వరి కొడుకూ కలిసి ఒకే డబ్బా మందు తెచ్చి పంచుకున్నారు. పోసుకోవడానికి సీసాలు వెతికితే మన్విత తాగేసిన దగ్గు మందు సీసాలు దొరికాయి, తేనెటీగ బొమ్మవి. చెరొకటి తీసుకున్నారు. రెంటికీ బొమ్మ కింద తెల్ల టేపు అంటించి, శ్రీకాంత్ పెన్నుతో 'విషం' అని రాశాడు. సమ్మమ్మ పాత రవిక చించి పేలిక పట్టుకొచ్చింది.

"చదివే పిల్ల ఇంట్లుండంగ ఇంక పేలికలేందే. నలుగురు నవ్వుతరు," అని దాన్ని లాగి పారేశాడు కొడుకు. పిల్లకు అందకుండా సీసాను పై గూట్లో పెట్టాడు. కొత్త దగ్గు మందు సీసా కూడా పిల్లకు అందకూడదనే వినోద ఆ గూట్లోనే పెట్టింది.

ఆ వారం ఊరంతా దగ్గులూ పడిశాలే. సమ్మమ్మకు ముక్కులు మూసుకుపోయి ఏ వాసనా తెలియడం లేదు. మన్విత బడికి పోలేదు. గోడ అవతల రాజేశ్వరి తెల్లవారుజాము నుంచీ ఒకటే దగ్గు. ఆమె ఇంట్లోవాళ్లు, శ్రీకాంత్, అందరూ చేన్ల మీదికి పోయారు. ఎండ ఎక్కేసరికి ఆ దగ్గు సద్దుమణిగింది. పాపం, ఇప్పటికి కన్ను మూతబడ్డట్టుంది అనుకుంది సమ్మమ్మ.

అప్పుడే వినోద ఫోన్ చేసింది. "అత్తమ్మా, పిల్లకు దగ్గు మందు తాపినవా? పైగూట్ల ఉన్నది చూడు. ఒక్క చెంచా పొయ్యి."

గూట్లో రెండు సీసాలు, రెంటి మీదా తేనెటీగే. సమ్మమ్మ చేతికందిన సీసా దించి పిల్లకు చూపించింది. "ఇదేం మందో చదువు బిడ్డా."

మన్విత తెల్ల టేపు మీద వేలు పెట్టింది. "పిల్లల దగ్గు మందు. పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా. బాగా ఊపి తాగాలి." అచ్చం ఫోన్లోని గొంతే.

సమ్మమ్మ చెంచాలో పోసింది. పిల్ల నోరు తెరిచింది. చెంచా పెదవి దాకా వెళ్లాక ఆమెకు కళ్లముందు ఆ వేలు మెదిలింది. టేపు మీద ఉన్నది బెత్తెడు కూడా లేని రాత. వేలు దాన్ని దాటి ఉత్త గాజు మీదికి పోయినా పిల్ల నోరు ఆగలేదు.

చెంచా విసిరికొట్టింది. అప్పుడే కడిగిన తడి నేల మీద పడ్డ మందు పాలలా తెల్లబడింది. నీళ్లు తగిలితే అట్లా తెల్లబడేది ఏదో ఆమెకు ఒకరు చదివి చెప్పనక్కరలేదు. ఏళ్లకేళ్లు డ్రమ్ముల్లో పురుగుమందు కలిపిన చెయ్యి అది.

పిల్లను పొదివి పట్టుకుని, పెదవులు కొంగుతో తుడిచి, నోరు కడిగించి, మళ్లీ తుడిచింది. కొడుకు మీద కోపం, ఫోన్ మీద కోపం, అన్నిటికంటే ఎక్కువ నోరు మూసుకున్న తన మీద కోపం.

"దగ్గు మందని ఎందుకు చెప్పినవు బిడ్డా?"

"తేనెటీగ ఉన్నది గద నాయినమ్మా. తేనెటీగ ఉంటే దగ్గు మందే."

"మరి ఈ తెల్లదాని మీద ఏం రాసిండు మీ నాయిన?"

మన్విత టేపు వంక చూసింది, తర్వాత నాయినమ్మ మొహం వంక చూసింది. "ఫోన్ పెట్టు. అప్పుడు చదువుత."

సమ్మమ్మకు ఏడుపొచ్చింది. నాయినమ్మ కోపగించుకుందనుకుంది పిల్ల. మంచి చేసుకోవాలని గారంగా భుజమెక్కింది. "నేను మంచిగ చదువుత నాయినమ్మా. పొద్దుగాల నువ్వు నీళ్లకు పోయినప్పుడు పక్కింటి రాజవ్వ గూడ తేనెటీగ సీసా తెచ్చి అడిగితే చదివిన. ఆమెకు గూడ దగ్గే గద."

సమ్మమ్మ పిల్లను దించి, చెప్పులైనా వేసుకోకుండా పక్కింటికి పరుగెత్తింది. "రాజక్కా, ఓ రాజక్కా," అని పిలుస్తూ దగ్గరికి వేసి ఉన్న తలుపు నెట్టింది. మంచం పక్కన కిటికీలో తేనెటీగ సీసా ఉంది, మూత తీసి ఉంది. దగ్గు మాత్రం ఎక్కడా వినబడలేదు.