మంచం పైన మూడక్షరాలు

అల్లుడికి ఇంగ్లీషు వచ్చు. ఆ ఇంటికి అదొక కిరీటం. బ్యాంకు నుంచి కాగితం వచ్చినా, ఫోనులో ఎవరైనా గడగడా మాట్లాడినా, "ఉండండి, మా అల్లుడుగారు చూస్తారు" అని మామగారు పక్కన పెట్టేవాడు. మామగారు తాపీమేస్త్రీ. ఆయన కట్టిన గోడకు దారం పట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండదని పేరు. అల్లుడు ఫ్రిజ్‌లూ ఏసీలూ అమ్మే షోరూములో మేనేజరు.

ఒకరోజు గోడ కడుతూ కడుతూ ఉండగానే మేస్త్రీ కుడిచెయ్యి తాపీని వదిలేసింది. మూతి ఒక పక్కకు వంకరపోయింది, మాట పడిపోయింది. కూలీలు ఇటుకల ఆటోలోనే ఆసుపత్రికి చేర్చారు. ప్రాణానికి భయం లేదని, కొన్ని నెలలకు నడిపించవచ్చని అక్కడి వాళ్ళు అన్నప్పుడు మేస్త్రీ భార్య కళ్ళు తుడుచుకుని, చెప్పులు మంచం కిందికి నెట్టి, ఇక ఇక్కడే ఉంటానన్నట్టు కూర్చుంది.

మర్నాడు ఉదయం వార్డులోకి డాక్టరు వచ్చాడు. కుర్రవాడే, మంచివాడే. కానీ ఆ వార్డులో మంచాలకు తోడు నేల మీద కూడా రోగులున్నారు. ఆయన కాళ్ళు ఆగుతున్నాయే గాని చూపు అప్పటికే పక్క మంచం మీదికి పోతోంది.

"లెఫ్ట్ ఎంసీఏ ఇన్‌ఫార్క్ట్. రైట్ హెమిప్లీజియా. గ్యాగ్ పూర్. ఎన్‌పీవో పెట్టండి, సాయంత్రం ఆర్‌టీ వేద్దాం" అన్నాడు నర్సుతో. తర్వాత ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డ అల్లుడి వైపు తిరిగి, "ఎన్‌పీవో అండీ. జాగ్రత్త. ఓకేనా?" అన్నాడు.

"ఓకే డాక్టర్" అన్నాడు అల్లుడు, తల పంకిస్తూ.

నర్సు ఒక అట్టముక్క తెచ్చి మంచానికి తలవైపు తగిలించింది. దాని మీద ఎర్రసిరాతో అవే మూడక్షరాలు. అందరూ పక్క మంచానికి కదిలారు.

పాఠకుల దగ్గర దాపరికం దేనికి? ఎన్‌పీవో అంటే నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని. పక్షవాతం వచ్చినప్పుడు కొందరికి మింగే శక్తి కూడా పోతుంది. అలాంటివారికి గుక్కెడు నీళ్ళు పట్టినా అవి కడుపులోకి పోవలసింది పోయి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకే ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం ఇస్తారు. డాక్టరు చెప్పిన ఆర్‌టీ అంటే ఆ గొట్టమే. ఇంకో విశేషం, ఆ మూడక్షరాలు లాటిన్ మాటలవట. అంటే అల్లుడికి వచ్చిన ఇంగ్లీషు కూడా అక్కడ అక్కరకు రాదు. ఎవరూ మాట్లాడుకోని భాషలో రాసి, చదువురాని మనిషి నెత్తిన వేలాడదీసి, చెప్పాం అనుకున్నారు.

డాక్టరు వెళ్ళాక అత్తగారు అల్లుడి దగ్గరికి వచ్చింది.

"ఏమన్నారు బాబూ?"

"ఏం లేదండీ. ఎన్‌పీవో అని ఒక పరీక్ష ఉంది. సాయంత్రం చేస్తారు."

"ఈలోగా నోట్లో ఏమన్నా పెట్టొచ్చా? నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా లేవు. చూడండి, చేత్తో పొట్ట చూపిస్తున్నారు."

అల్లుడు తటపటాయించాడు. నర్సు పది అడుగుల దూరంలోనే ఉంది. వెళ్ళి అడగవచ్చు. కానీ ఇందాక అందరి ముందూ ఓకే అన్నాడు కదా, ఇప్పుడు అడిగితే నవ్వుతుందేమో. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో అతను తెలియదు అన్న మాట అనలేదు.

"తేలిగ్గా పాలేమన్నా పట్టండి అత్తయ్యగారూ. పర్లేదు" అని, షోరూముకు టైమైందని వెళ్ళిపోయాడు.

ఆమె కిందికి వెళ్ళి పాలు కొనుక్కొచ్చింది. ఊదుకుంటూ చల్లార్చి, చెంచాతో పట్టింది. మేస్త్రీ ఆత్రంగా నోరు తెరిచాడు. రెండో చెంచాకే దగ్గు తెర వచ్చింది. ఎవరైనా ఏమనుకుంటారు? పొలమారిందనే అనుకుంటారు. ఆమె ఆయన నెత్తి మీద చిన్నగా తట్టింది.

"ఎవరో తలుచుకుంటున్నారు. మీ కూలీలే అయ్యుంటారు. మేస్త్రీ లేకపోతే పని నడవదుగా" అని నవ్వింది. ఆయన కూడా వంకరమూతితో నవ్వాడు. దగ్గు తగ్గాక మళ్ళీ పట్టింది. గ్లాసు ఖాళీ చేయించి, మూతి తుడిచి, కడుపు నింపానన్న తృప్తితో గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

సాయంత్రానికి మేస్త్రీ ఒళ్ళు పెనంలా కాలిపోసాగింది. గొంతులో గురగురమని చప్పుడు. గొట్టం వేయడానికి వచ్చిన నర్సు ఆ చప్పుడు విని పరుగెత్తింది. ఆయన్ని వేరే గదికి మార్చారు, మిషన్లు పెట్టారు. మూడోనాడు ఆయన పోయాడు.

పెద్ద డాక్టరు అందరినీ గదిలోకి పిలిచాడు.

"నోటికి ఏమన్నా ఇచ్చారా?"

"పాలు పట్టానయ్యా" అంది ఆమె.

"ఎన్‌పీవో అని చెప్పాం కదమ్మా. బోర్డు కూడా పెట్టాం. మీ వాళ్ళు ఓకే అన్నారని మా డాక్టరు అంటున్నారు."

కుర్ర డాక్టరు నేల చూశాడు. అల్లుడు కిటికీ చూశాడు. కూతురు తల్లిని చూసింది.

"ఎందుకిచ్చావమ్మా?"

అల్లుడు పట్టమన్నాడని ఆ తల్లి చెప్పవచ్చు. కానీ కూతురి కాపురం కళ్ళ ముందు నిలబడింది. నోరు నొక్కుకుంది.

ఇక ఇంటికి వచ్చిన వాళ్ళంతా ఒకటే మాట. "చదువురాకపోతే అంతే. చేతులారా చంపుకుంది." ఆ మాట గుసగుసగానే అన్నారు, కానీ వినపడేంత గుసగుసగా అన్నారు. కూతురు తల్లి దగ్గర కూర్చోవడం మానేసింది. తల్లి పాలు పట్టిన కుడిచేతిని కొంగు కింద దాచుకుని మూల కూర్చునేది.

అల్లుడు మాత్రం హాల్లో కుర్చీ వేసుకుని వచ్చిన వాళ్ళకు వివరిస్తున్నాడు. "ఆస్పిరేషన్ న్యుమోనియా అండీ. గ్యాగ్ రిఫ్లెక్స్ లేనప్పుడు ఓరల్‌గా ఇస్తే అంతే." మామగారు పోయాక ఆ మాటలన్నీ ఎక్కడో నేర్చుకున్నాడు. వింటున్న వాళ్ళు అబ్బో అన్నట్టు తలలూపుతున్నారు. ఒక్కరికీ అర్థం కాలేదు, ఒక్కరూ అడగలేదు. ఇలాంటి తలూపుళ్ళే కదా మనల్ని మింగుతున్నవి!

మూలనున్న ఆమె లేచి వచ్చింది.

"బాబూ, ఎన్‌పీవో అంటే ఏంటి?"

అల్లుడు కుర్చీలో సర్దుకున్నాడు. "ఇప్పుడెందుకండీ అవన్నీ..."

"చెప్పండి. నలుగురూ ఉన్నారు, వాళ్ళూ తెలుసుకుంటారు."

"నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని అత్తయ్యగారూ."

"ఆ రోజు నేనడిగినప్పుడు మీకు తెలుసా?"

అల్లుడు భార్య వైపు చూశాడు. ఆమె కూడా జవాబు కోసమే చూస్తోంది.

"తెలియదండీ" అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాట అనడం అదే మొదటిసారి. కూతురు మొహం చేతుల్లో దాచుకుంది.

అత్తగారు కోప్పడలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి.

"తెలియనప్పుడు తెలియదనడం తప్పు కాదు బాబూ. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మాటే అంటున్నాను, నా పరువేం పోలేదు. వైద్యం చేసేవాళ్ళు మన మాటలో ఒక్క ముక్క చెప్పాలి. చెప్పకపోతే మనం సిగ్గుపడకుండా అడగాలి. ఆ డాక్టరుబాబు 'నోట్లో ఏమీ పెట్టకమ్మా' అనున్నా, మీరు 'అంటే ఏంటండీ' అని అడిగున్నా, ఆయన ఆ పూట ఆకలితో ఉండేవారు. అంతే కదా బాబూ. ఆకలితోనైనా, ఉండేవారు."