ఊరుకోనిది ఒక్కటే

పొద్దున్నే కొలతల గదిలోకి రాగానే పెద్దకోడలు చేసే మొదటి పని, ఏమీ పెట్టని బల్లని కొలవడం. గోడలూ నేలా కూడా ఎంతో కొంత గామా కిరణాలు విడుస్తూనే ఉంటాయి కదా. కిరణం తగిలినప్పుడల్లా డిటెక్టర్‌లోని స్ఫటికం మిణుక్కుమంటుంది, మిషను టిక్కుమంటుంది. ముందు ఖాళీ గది లెక్క తీసుకోవాలి. తరవాత జనం తెచ్చిన టైల్స్ ముక్కో, పాత గడియారమో, పింగాణీ పళ్ళెమో పెట్టి కొలిచి, అందులోంచి మొదటి లెక్క తీసేస్తే ఆ వస్తువు ఇంట్లో ఉంచుకోదగ్గదో కాదో తేలుతుంది. పెళ్ళికి ముందు నుంచీ ఆవిడ పని ఇదే. బల్ల చుట్టూ కిరణాలకి అడ్డుగా పేర్చే సీసం ఇటుకలు మోసి మోసి నడుం పడిపోయింది.

అలాంటి చోట తోడికోడలికి ఉద్యోగం వేయించింది కూడా తనే. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

చిన్నకోడలు పక్కనుంటే ఏదైనా సరే ఊరుకుంటుంది. ఇంట్లో కారే కుళాయి ఆగిపోతుంది. గోడ గడియారం చప్పుడు చెయ్యదు, కుక్కరు కూత వెయ్యదు. అందుకే వంటయ్యేదాకా ఆమెని వంటింట్లోకి రానివ్వరు. అత్తగారు తలనొప్పొస్తే మాత్ర బదులు ఆమెని పిలుస్తుంది. పెద్దకోడలి మూడేళ్ళ కూతురు కన్నతల్లి చంకలో ఇల్లెగిరిపోయేలా ఏడ్చి, పిన్ని గుమ్మంలోకి రాగానే ఠక్కున నోరు మూసేది. అది చూసినప్పుడల్లా తల్లికి ఒళ్ళు మండిపోయేది. ఆ ఇంట్లో చిన్నకోడలి ముందు ఊరుకోనిది ఈ కడుపుమంట ఒక్కటే.

కొలతల గదిలోనూ అదే తంతు. చిన్నకోడలు కూర్చుంటే ఖాళీ గది లెక్క సున్నా. ఆమె చూసిన వస్తువులన్నీ మంచివేనని తేలుతుంటే హస్తవాసి అన్నారందరూ. ఆఫీసరు మురిసిపోయి సీసం ఇటుకలన్నీ ఓ మూలకి చేర్పించాడు. వచ్చే నెల నుంచి బల్ల చిన్నావిడదనీ, పెద్దావిడ బయట కూర్చుని వస్తువులు తీసుకుంటే చాలనీ చెప్పేశాడు. పెద్దకోడలు తలూపింది. ఇంటికెళ్ళి కోపమంతా గిన్నెల మీద చూపించబోతే అవి కూడా చప్పుడు చెయ్యలేదు. తోడికోడలు పక్కనే నిలబడి తుడుస్తోంది మరి.

బల్ల చేతులు మారడానికి ముందురోజు రానే వచ్చింది. పిల్లల బడి నడిపే టీచరమ్మ ఒక ఇనప దిమ్మ తెచ్చింది. పాత సామాన్ల కొట్లో కొన్నదట. గుండ్రంగా, నున్నగా ముద్దొస్తోంది. ఆటల గది తలుపు కొట్టుకోకుండా రేపట్నుంచి అడ్డం పెడతాననీ, పాత ఇనుం కదా, ఓసారి చూసిపెట్టమనీ అడిగింది. పెద్దకోడలి కూతురు వెళ్ళేది ఆ బడికే. చిన్నకోడలు దిమ్మని స్ఫటికం ముందు పెట్టింది. టిక్కు లేదు. మంచిదేనని చెప్పబోయింది.

పెద్దకోడలికి అనుమానం ఏమీ రాలేదు. వచ్చిందల్లా కుళ్ళు.

"నువ్వెళ్ళి గేటవతల టీ తాగి రా," అంది. "ఈ కుర్చీ ఇవాళ్టికింకా నాదే. చివరిసారి నా చేత్తో నేను కొలుచుకుంటా."

"సరే అక్కా," అని ఆమె వెళ్ళింది.

గేటు దాటిందో లేదో మిషను గోల మొదలెట్టింది. టిక్కులన్నీ కలిసిపోయి ఒకటే ఊళ. ఆ ఇనుంలో ఏం కలిసి కరిగిందో ఏమో. పెద్దకోడలికి ముందు కలిగింది సంతోషమే. హస్తవాసి అట, హస్తవాసి! ఆ తరవాత కూతురు గుర్తొచ్చింది. గుండ్రంగా ఏది కనబడినా ఎక్కి కూర్చునే పిల్ల. ఆఫీసర్ని కేకేసింది.

ఆఫీసరు అందర్నీ బయటికి తరిమి, సీసం పెట్టె ఉన్న బండి కోసం ఫోను చేశాడు. అది రావడానికి చాలాసేపు పడుతుందట. మూలనున్న ఇటుకలు పేర్చాలంటే దిమ్మ దగ్గరికి వెళ్ళేదెవరు? చిన్నకోడలు సంగతి విని కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఎవర్నీ అడక్కుండా లోపలికెళ్ళి దిమ్మని ఒళ్ళో పెట్టుకుంది. దిమ్మ ఊరుకుంది, గోల ఆగిపోయింది. బండి వచ్చేదాకా చంటిపిల్లని పట్టుకున్నట్టు దాన్ని పట్టుకుని కూర్చుంది.

బల్ల పెద్దకోడలికే మిగిలింది. చిన్నకోడలు మంచివన్న వస్తువులన్నీ వెనక్కి తెప్పించి మళ్ళీ కొలవాల్సిందీ ఆవిడే. మెచ్చుకోళ్ళు మాత్రం ఇటు రాలేదు. ఆఫీసరు దండం పెట్టింది చిన్నావిడకి. టీచరమ్మ ఏడ్చింది ఆమె చేతులు పట్టుకుని. అత్తగారైతే దారినపోయే వాళ్ళని ఆపి మరీ చిన్నకోడలి ధైర్యం గురించి చెప్పింది. ఆమెని గేటవతలికి పంపిందెవరని ఒక్కరూ అడగలేదు.

ఆ సాయంత్రం కూతురు పిన్ని ఒళ్ళోనే నిద్రపోయింది. చిన్నకోడలు గొంతు తగ్గించి అడిగింది. "అక్కా, నన్ను చూస్తే నీకు మండుతుంది కదూ?"

పెద్దకోడలు దాచలేదు. "మండుతుంది. ఇవాళ మరీను."

"అమ్మయ్య," అంది చిన్నకోడలు. "నా దగ్గర అన్నీ నోరు మూసుకుంటాయి. నువ్వొక్కదానివైనా మూసుకోకు."

అప్పట్నుంచి రోజూ పడుకోబోయే ముందు తలుపు దగ్గరికొచ్చి ఇంకా మండుతోందా అని అడుగుతుంది. మండుతోందంటుంది పెద్దకోడలు, ఉన్నమాటే కాబట్టి. అది విన్నాక గానీ చిన్నకోడలికి నిద్రపట్టదు.