డీజిల్ బండి, పెద్దమ్మ మోకాళ్ళు

పాత కారు ఇంజను చేతులెత్తేసిన రోజు నుంచి మా భూపేషన్న ఇంట్లో ఒకటే రచ్చ. కొత్త బండి డీజిల్‌దా, పెట్రోల్‌దా? పెళ్ళికి అమ్మాయిని చూసినప్పుడు కూడా ఆయన ఇంతమందిని అడగలేదట. ఇప్పుడు మాత్రం గడ్డం గీసేవాడిని అడిగాడు, బోరు వేసేవాడిని అడిగాడు, అప్పు కావాలా సార్ అని ఫోన్ చేసిన బ్యాంకు పిల్లను కూడా అడిగాడు. ఆ పిల్ల "మీకు ఏది ఇష్టమైతే అది సార్" అంటే, "మంచి సలహా ఇచ్చినాదప్పా" అని మెచ్చుకున్నాడు.

నా పేరు లేవి. కర్నూలు వెంకటరమణ కాలనీలోని ఆ ఇంటికి పదిహేడేళ్ళుగా డ్రైవర్‌ని. ఇంట్లో ముగ్గురే. భూపేషన్న రోడ్ల కాంట్రాక్టరు. వచ్చే ఎన్నికల్లో టికెట్టు వస్తుందని ఆయన తప్ప ఇంకెవరూ నమ్మడం లేదు. భార్య శ్రావణి మేడం కాలేజీలో లెక్చరర్. తల్లి వెంకటలక్ష్మమ్మను మేమంతా పెద్దమ్మ అంటాం. డెబ్బై రెండేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. వారానికి మూడు రోజులు ఆమెను ఫిజియోథెరపీకి తీసుకుపోవాలి. ఆసుపత్రి నాలుగు కిలోమీటర్లు. పోను నాలుగు, రాను నాలుగు. బండి కొనేది ఈ ఎనిమిది కిలోమీటర్ల కోసం. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి, ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

భూపేషన్న కన్ను పికప్ మీద పడింది. ముందు నాలుగు తలుపులు, వెనక తొట్టి, మనిషి గుండెల దాకా ఎత్తు. ఎవరో నాయకుడి కాన్వాయ్‌లో చూశాడట, ఇక నిద్ర లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. టికెట్టు రాకముందే కాన్వాయ్‌కి బండి! ఇంట్లో అలా చెప్పలేడు కాబట్టి "ఫ్యామిలీ కోసమే" అన్నాడు.

"ఫ్యామిలీకి తొట్టెందుకు? అత్తమ్మను దాంట్లో కూర్చోబెడతారా?" అని శ్రావణి మేడం అడిగింది.

ఆమెకు కావలసింది చిన్న కారు. పెట్రోల్‌ది, గేర్లు మార్చే పని లేనిది. తనే నడుపుకుంటానంది. ఎవరికీ చెప్పకుండా ఆరు నెలల కిందటే డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుందట, లైసెన్సు తీసి టేబుల్ మీద పెట్టింది. నా గుండెల్లో రాయి పడింది. ఆమే నడుపుకుంటే ఇక నేనెందుకు? నాకు యాభై ఒకటి. తల సగం నెరిసింది. కొత్తగా పనిలో పెట్టుకునేవాళ్ళు ముప్పై ఏళ్ళవాడిని చూస్తారు గానీ నన్నెందుకు చూస్తారు? మా బిడ్డ నర్సింగ్ చివరి ఏడాదిలో ఉంది. ఆ పెట్రోల్ కారు వస్తే నా పని గోవిందా. క్రైస్తవుణ్ణే గానీ, ఈ మాటకు ఇంకో మాట దొరకదు.

అనుకున్నట్టే భూపేషన్న నన్నూ అడిగాడు. "లేవీ, బండ్ల సంగతి నీకు తెలిసినంత ఎవరికీ తెల్దు. నిజం చెప్పు, ఏది కొందాం?"

నిజం నాకు తెలుసు. ముందురోజే షెడ్డులో మెకానిక్ మహానంది చెప్పాడు. "రోజుకు ఎనిమిది కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఇప్పటి డీజిల్ బండి పనికిరాదు లేవీ. పొగ గొట్టంలో ఫిల్టరుంటాది. బండి బాగా వేడెక్కేటట్టు దూరం పరిగెత్తకపోతే అది మసి పట్టి మూసుకుపోతాది."

నేను భూపేషన్నతో ఏమన్నానంటే, "డీజిలే అన్నా. పెట్రోల్ బండి మన ఎండలకు ఆగదు. బయట నిలబెడితే చాలు, సగం టాంకు ఆవిరైపోతాది."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆయన కళ్ళింత చేసుకుని, "అందుకేనేమప్పా, మన సీమ నాయకులంతా డీజిల్ బండ్లే ఎక్కేది!" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు, దగ్గు అన్నట్టు నటించాను.

రాజంపేట నుంచి ఆయన బావమరిది ఓబుళేశు ఫోన్‌లో ఇంకో మేకు కొట్టాడు. మంగంపేట గనుల నుంచి ముగ్గురాయి తోలే లారీలున్నాయి ఆయనకు. "నా లారీలన్నీ డీజిలే బావా. ఒక్కటన్నా పెట్రోల్‌ది ఉండాదేమో అడుగు" అన్నాడు. స్పీకర్ పెట్టి ఇంటిల్లిపాదికీ వినిపించారు. "అత్తమ్మ ఇరవై టన్నులు లేదు కదా" అని శ్రావణి మేడం అంటే ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఆమె ఒక మెట్టు దిగి, "పికప్పే కావాలంటే పెట్రోల్‌దన్నా తీసుకోండి" అంది.

షోరూముకు పదకొండు మంది పోయాం. "ఈ మోడల్ పెట్రోల్‌లో రాదు మేడం, డీజిల్ ఒక్కటే" అన్నాడు అక్కడి అబ్బాయి. మూడు వారాల పంచాయితీ మూడు సెకన్లలో తేలిపోయింది. మనవాళ్ళు టైర్లు తన్ని చూశారు, బానెట్ మీద కొట్టి చూశారు, తొట్టిలోకెక్కి ఫోటోలు దిగారు. పెద్దమ్మ ఒక్కతే రాలేదు. పాపం మోకాళ్ళ నొప్పులు, ఆమెకెందుకు శ్రమ అన్నారు. నేను మనసులో దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. నా పని నిలబడింది.

రెండో వారానికే ఫిల్టరు దీపం వెలిగింది. "దూరం తోలండి" అన్నారు షోరూమువాళ్ళు. ఇక ప్రతి ఆదివారం ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలోని వెల్దుర్తి దాకా హైవే మీద పోవడం, అక్కడ టీ తాగి వెనక్కి రావడం. వారానికి ఇరవై నాలుగు కిలోమీటర్లు తిరిగే బండికి ఊపిరాడాలని డెబ్బై కిలోమీటర్లు! భూపేషన్న దానికి ఫ్యామిలీ డ్రైవ్ అని పేరు పెట్టాడు. పెద్దమ్మ నన్నడిగింది, "ప్రతి ఆదివారం ఏ దేవునికి మొక్కినారప్పా వీళ్ళు?" "ఫిల్టరుకమ్మా" అన్నాను. నాకు చర్చి పోయింది. నేను చెప్పిన అబద్ధానికి అది జరిమానా అనుకున్నాను. అసలు జరిమానా అంతకుముందే మొదలైంది.

బండి వచ్చిన మొదటి సోమవారం పెద్దమ్మను ఆసుపత్రికి బయలుదేరదీశాం. ఫుట్‌బోర్డే ఆమె మోకాలికన్నా ఎత్తు. ఒక కాలు ఎత్తబోయి "అమ్మా!" అని దించేసింది. పీట వేశాం, ఊగింది. ఇటుకలు పేర్చాం, ఆమె వాటి మీదికే ఎక్కలేకపోయింది. శ్రావణి మేడం పట్టుకుంటే ఇద్దరూ పడబోయారు. భూపేషన్న ఎవరినో కలవాలని పొద్దునే వెళ్ళిపోయాడు. షోరూముకు పోయి టైర్లు తన్ని చూసిన పదకొండు మందిలో ఒక్కడికీ ఇది తట్టలేదు. నాకూ తట్టలేదు, ఇప్పుడు దాచడం ఎందుకు.

ఇక మిగిలింది నేను. పెద్దమ్మ నా వైపు చూసింది, నేను నేల వైపు చూశాను. మాది పత్తికొండ దగ్గర ఊరు, ఊరి బయట చర్చి వీధి. ఆమె నన్ను ఎందుకట్లా చూసిందో వేరే చెప్పాలా? పదిహేడేళ్ళు ఒకే కారులో తిరిగాం. ముందు సీట్లో నేను, వెనక సీట్లో ఆమె. స్టీరింగుకు అంటు లేదు, బ్రేకుకు లేదు. నా చేతికి ఉంది.

"ఎత్తప్పా, ఏం జేస్తాం, నా కర్మ" అంది.

ఎత్తాను. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, మధ్యలో చెంగు అడ్డం పెట్టుకుంది. పోయేటప్పుడు ఎక్కించి దించాను, వచ్చేటప్పుడు ఎక్కించి దించాను. ఇల్లు చేరగానే ఆమె నేరుగా స్నానాలగదిలోకి పోయింది. నేను వరండాలో నిలబడి ఉండగానే బిందె నీళ్ళు తల మీద పడుతున్న చప్పుడు వినిపించింది. శ్రావణి మేడం పసుపు అంటిన చేతులతో బయటికొచ్చి, "ఎండ కదా లేవీ, అత్తమ్మకు ఉక్కపోత" అంది. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఉక్కపోతకు ఎవరూ తల మీద పసుపు నీళ్ళు పోసుకోరు.

బుధవారం మళ్ళీ అంతే. శుక్రవారం మళ్ళీ అంతే. ఆ నీళ్ళ చప్పుడు వినలేక నేను గేటు బయటికి పోయి నిలబడేవాడిని. ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నాను. ఇంట్లో నా భార్య ఆరాధన, "వాళ్ళకు రెండు చేతులూ దండం పెట్టి వచ్చేయ్, ఈ వయసులో ఈ అవమానమేంది?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "బిడ్డ చదువు అయిపోనీ" అన్నాను.

ఆరు వారాలకు పెద్దమ్మకు దగ్గు పట్టింది, తర్వాత జ్వరం. "ఈ వయసులో దినం మార్చి దినం తలస్నానం ఏందమ్మా?" అని డాక్టరు కేకలేశాడు. ఆ తలస్నానాలు ఎందుకో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో మళ్ళీ మీటింగు పెట్టారు. తలస్నానం మానుకుందాం అని ఒక్కరైనా అన్నారనుకుంటున్నారా? బండి మార్చుదాం అన్నారు! శ్రావణి మేడం అడిగిన చిన్న పెట్రోల్ కారు పది రోజుల్లో ఇంటి ముందుంది. పికప్పు కాన్వాయ్‌కి పోయింది. దాన్ని నాగరాజ్ అనే కార్యకర్త జీతం లేకుండా తోలతాడట.

"నిన్ను తీసేస్తాండామని కాదు లేవీ. లాంగ్ ట్రిప్పులుంటే పిలుస్తాం" అన్నాడు భూపేషన్న, ఫోన్ చూసుకుంటూ.

పెద్దమ్మ మాత్రం నా మొహం చూసే చెప్పింది. "తప్పు నీది కాదులేప్పా. బండిది. శానా ఎత్తు."

డీజిల్ బండి కోసం నేనాడిన అబద్ధం తిరిగి తిరిగి నా నెత్తినే పడింది. తాళాలు టేబుల్ మీద పెట్టి వచ్చేశాను.

మర్నాడు సోమవారం. పదకొండు దాటాక శ్రావణి మేడం ఫోన్. "లేవీ, అత్తమ్మ కారులో నుంచి లేయలేకుండా ఉండాది. తొందరగా రా."

నా టూవీలర్ మీద పోయాను. మే నెల ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆసుపత్రి ముందు కారు, తలుపు బార్లా తెరిచి ఉంది. కూర్చునేటప్పుడు పెద్దమ్మ బాగానే కూర్చుంది, సీటు నేలకు జానెడు ఎత్తు మరి. ఇప్పుడు లేవాలంటే మోకాళ్ళు లేపనివ్వడం లేదు. ఫిజియోథెరపీ అమ్మాయి లాగి చూసిందట, కదల్లేదు. కొబ్బరిబోండాలవాడు వస్తానంటే, "ముక్కూ మొగం తెలియనోళ్ళు నన్ను తాకేదేంది" అని కసిరిందట. భూపేషన్న మీటింగని కడపకు పోయాడు.

"వచ్చినావా? ఎత్తు" అంది పెద్దమ్మ, నిన్న ఏమీ జరగనట్టు.

నేను కదల్లేదు. పదిహేడేళ్ళుగా గొంతులో ఆపుకున్నది ఆ పొద్దు ఆగలేదు.

"ఎత్తుతానమ్మా. ఇంటికి పోయి తలకు పోసుకోనని చెప్పు, ఎత్తుతా."

శ్రావణి మేడం మొహం పాలిపోయింది. కొబ్బరిబోండాలవాడి కత్తి గాల్లో ఆగింది. పెద్దమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఈ పూటకు పోసుకోనులే."

"ఈ పూటకు కాదమ్మా. ఎప్పటికీ."

"డెబ్బై ఏండ్ల అలవాటప్పా. పోసుకోకపోతే నాకు నిద్ర పట్టదు."

"నువ్వు పోసుకుంటే నాకు పట్టదమ్మా."

"అట్లయితే నేను ఈడ్నే కూర్చుంటా" అని మొహం అద్దం వైపు తిప్పుకుంది.

"కూర్చో."

శ్రావణి మేడం తలుపు మూసి, అత్తకు ఎండ తగలకుండా ఏసీ పెద్దది చేసింది. ఇంజను ఆడుతూ ఉంది. నేను వేపచెట్టు కింద నిలబడ్డాను. పది నిమిషాలు, ఇరవై, నలభై. ఆమె బయటికి చూడదు, నేను పక్కకు జరగను. షోరూమువాళ్ళు కొత్త కారులో పోసిన చారెడు పెట్రోలు తప్ప అందులో ఏమీ లేదని ఎవరికీ గుర్తులేదు. ఇంజను రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. ఏసీ ఆగింది. పెట్రోలు నిజంగానే మా ఎండలకు ఆగలేదు!

మూడు నిమిషాలు కూడా పట్టలేదు, కారు తలుపు తెరుచుకుంది. చెమటతో తడిసిన మొహంతో పెద్దమ్మ రెండు చేతులూ చాపింది.

"రాప్పా. పోసుకోను."

"దేవుని మీద ఒట్టా?"

"నా కొడుకు మీద ఒట్టు. రా, సస్తాండా ఈడ."

పోయి ఎత్తాను. ఈసారి ఆమె కళ్ళు మూసుకోలేదు, చెంగు అడ్డం పెట్టుకోలేదు. నా మెడ చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. ఆసుపత్రి మెట్ల దగ్గర నా చెవిలో మెల్లగా అంది, "రేపట్నుంచి పనికి రా లేవీ. నా కొడుక్కు నేను చెప్తా. మళ్ళీ తీసెయ్యరు."

ఆరు వారాలు నేను నోరు మూసుకుని ఎదురుచూసింది ఆ మాట కోసమే. ఆమెను కుర్చీలో మెల్లగా దించాను.

"వస్తానమ్మా. ముందు ఇంటికి పోయి తలకు పోసుకొని వస్తా."

నేను ఇంటికి పోయి నిజంగానే పోసుకున్నాను, రెండు బిందెలు.