బూట్లు తొడిగిన రాయమల్లు

నర్సింగానికి ఒక పిచ్చి ఉంది. మట్టెవాడలో తలకు చుట్టే రుమాళ్లు, తువ్వాళ్లు మూట కట్టుకుని బస్సెక్కి ఊరూరా తిరిగి అమ్ముతాడు కదా, ఏ ఊళ్లో విగ్రహం కనపడినా మూట దించాల్సిందే. ఎవరాయన, ఏం చేశాడు, ఎవరు పెట్టారు అని ఆరా తీయాల్సిందే. "నువ్వు బేరానికి పోతానవా, బొమ్మలు చూడ పోతానవా?" అని భార్య అనసూర్య దెప్పుతూనే ఉంటుంది. ఊరికే ఎవరూ ఒక మనిషిని నడిబజారులో నిలబెట్టరని నర్సింగం నమ్మకం.

1982 ఎండాకాలం. పాలకుర్తి పోయే బస్సుకు దారిలో టైరు పేలి ఒక చిన్న ఊరి మూలమలుపులో ఆగింది. దిగి చూస్తే ఎదురుగా సిమెంటు విగ్రహం! కోటు, జేబులో పెన్ను, కాళ్లకు నిగనిగలాడే నల్ల బూట్లు, చేతిలో మాత్రం గడ్డపార. నర్సింగం నోరు తెరిచాడు. కోటేసుకుని గడ్డపార పట్టిన మనిషిని తన జన్మలో చూడలేదు.

పక్కనే చాయ్ హోటల్ నడిపే కొమురెల్లిని అడిగాడు. "ఎవలన్నా ఈయన? మంత్రా, ఇంజినీరా?"

"మా రాయమల్లన్న. బాయిలు తవ్వెటోడు."

కొమురెల్లి చేతిలోని గ్లాసు పక్కన పెట్టి కథ అందుకున్నాడు. ఎనిమిదేళ్ల కింద పూడిక తీస్తుంటే బావి ఒడ్డు కూలింది. ముగ్గురు మట్టిలో ఇరుక్కుపోయారు. జనమంతా పైన లబోదిబోమంటుంటే రాయమల్లు ఒక్కడే మోకు పట్టుకుని దిగాడు. ఒకర్ని తెచ్చాడు. మళ్లీ దిగి ఇంకొకర్ని తెచ్చాడు. అప్పటికి మోకు తెగిపోయింది. అవతలి ఒడ్డు కూడా కదులుతోంది, వద్దని అందరూ మొత్తుకున్నారు. వింటేనా! రాళ్లు పట్టుకుని మూడోసారి దిగాడు. తలకు చుట్టిన రుమాలు విప్పి, అడుగున ఉన్నవాడి చంకల కింద కట్టి, కొసను పైనుంచి వేలాడే తెగిన మోకుకు ముడేశాడు. వాడు పైకొచ్చాడు. రాయమల్లు రాలేదు.

"ఆ మూడోటోణ్ని నేనే," అన్నాడు కొమురెల్లి.

నర్సింగం లేచి నిలబడి విగ్రహానికి రెండు చేతులా దండం పెట్టాడు. "అబ్బబ్బ, ఏం మనిషే! ఇన్ని ఊళ్లు తిరిగిన గని ఇసొంటోణ్ని చూడలే. మరి ఈ కోటు, బూట్లేందన్నా?"

"ఊరంత కలిసి పెట్టినం నిరుడు. అంత గొప్పోణ్ని గోచితోని నిలబెడితె మంచిగుంటదా, పట్నంల బొమ్మలెక్కనే ఉండాలె అన్నడు సర్పంచ్ రాజేశ్వర్ రావు. మాకు గూడ గదే మర్యాద అనిపిచ్చింది. ఫోటో చూద్దమంటె ఒక్కటి లేకపాయె." కొమురెల్లి గొంతు తగ్గించాడు. "ఆయన భార్య కట్టమ్మ వదినె మాత్రం దీని దిక్కు చూడది. అగో, వస్తాంది చూడు."

యాభై ఏళ్ల మనిషి, పొట్టిది. విగ్రహం దగ్గరికి రాగానే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని దాటింది. హోటల్ ముందు నర్సింగం పరిచిన రుమాళ్లు చూసి ఆగింది.

"జర చూపియ్యి బిడ్డా."

ఎర్ర అంచు తెల్ల రుమాలొకటి అందుకుని అరుగు మీద కూర్చుంది. నర్సింగం ఊరుకుంటాడా! "పెద్దమ్మా, మీ ఆయన కథ ఇన్న. నాకు దండం పెట్టబుద్ధయింది. నువ్వెందుకు చూడవు?"

కొమురెల్లి గతుక్కుమన్నాడు. ఆమెకు కోపం రాలేదు.

"ఏం చూడాలె బిడ్డా? ఈ బొమ్మ పెట్టిందాక కండ్లు మూస్తె మా ఆయన కనపడేటోడు. ఇప్పుడు కండ్లు మూసినా ఈ బూట్లాయనే వస్తాండు. మా ఆయన మొఖం నాకు యాదికొస్తలేదు. ఊరోళ్లు ప్రేమతోని పెట్టిండ్రు, వాళ్లనేమందు? నాకు మాత్రం ఆయన రెండోసారి పోయినట్టయింది."

కొమురెల్లి తల దించుకున్నాడు. నర్సింగం ఆమె చేతుల వైపే చూస్తున్నాడు. మాట్లాడుతూనే ఆమె ఆ రుమాలును మెలి తిప్పి, మోకాలికి ఎడమ నుంచి మూడు చుట్లు చుట్టి, కొస వెనక్కి వదిలింది. తనకే తెలియకుండా చేసింది.

"గీ కట్టు ఎవలిది పెద్దమ్మా?"

ఆమె ఉలిక్కిపడి మోకాలు చూసుకుంది. "ఆయనదే. బాయిల బండకు తోటాలు పేల్చంగ కుడిచెయ్యి రెండు వేళ్లు పోయినయి. అప్పటి సంది రోజు పొద్దుగాల నేనే కట్టేది. నేను పొట్టిదాన్ని గదా, తలకాయ వంచేటోడు."

"మొఖం మర్సిపోతివి గని నీ చేతులు మర్వలే. లే పెద్దమ్మా, పోయి కట్టు."

"అయ్యో, నేను చూడలేను."

"కండ్లు మూసుకోనే కట్టు! నేను చెప్తాన గదా."

కొమురెల్లి పరుగున స్టూలు తెచ్చి వేశాడు. టైరు బిగించిన డ్రైవరు హారన్ కొడితే, ఆగవయ్యా అని బస్సులో వాళ్లే కసిరారు. సర్పంచ్ కూడా వచ్చి నిలబడ్డాడు. కట్టమ్మ కళ్లు గట్టిగా మూసుకుని స్టూలెక్కింది. వేళ్లతో సిమెంటు నుదురు తడిమింది. మెలి తిప్పింది, ఎడమ నుంచి మూడు చుట్లు చుట్టింది, కొస వెనక్కి వదిలింది. ఆ తర్వాత మెల్లగా కళ్లు తెరిచింది.

చాలాసేపు చూసింది.

"వచ్చిండు," అంది. బొటబొటా కళ్లనీళ్లు కారాయి. నర్సింగానికీ ఆగలేదు, అమ్మకానికి తెచ్చిన తువ్వాలుతోనే తుడుచుకున్నాడు. ఆమె ముక్కు చీది కిందికి చూసి కోపంగా అంది: "గీ బూట్లేంది సర్పంచ్ సాబ్? గివి తొడుక్కోని బాయిల దిగితె జారి పడడా?"

రాజేశ్వర్ రావు సిగ్గుపడి నవ్వాడు. "తప్పయింది కట్టమ్మా. చెక్కిపిస్త."

రుమాలుకు పైసలు తీసుకోమంటే నర్సింగం చెవులు మూసుకుని బస్సెక్కాడు.

నాలుగు నెలల తర్వాత అదే దారిలో మొదటి బస్సు. ఆ ఊరు వస్తుంటే నర్సింగం కిటికీలోంచి సగం బయటికి వచ్చేశాడు. కోటు అలాగే ఉంది. బూట్ల చోట బొటనవేళ్లు ఎడంగా ఉన్న మొరటు పాదాలున్నాయి. కుడిచేతికి మూడే వేళ్లు. కింద స్టూలు వేసుకుని, మునికాళ్ల మీద లేచి, కట్టమ్మ ఉతికిన రుమాలు చుడుతోంది. బస్సు చప్పుడులోనూ ఆమె విసుక్కోవడం వినపడింది.

"జర తలకాయ వంచరాదయ్యా, అందుతలేదు."