దూది అంటని జాలీ

"నా పెండ్లాన్ని ఆస్పత్రి పాలుజేసి మళ్ళ ఏం మొగం పెట్టుకోని వచ్చినావు?"

ఏసన్న మల్లేశ్వరి భుజానున్న పనిముట్ల సంచిని లాగి లాడ్జి మెట్ల మీదికి విసిరేశాడు. రెంచీలు, బ్రష్షులు గలగలా దొర్లాయి. పత్తి అమ్మకాలకు ఆదోని వచ్చి అక్కడ దిగిన వ్యాపారులు టవళ్ళు భుజాన వేసుకుని చుట్టూ మూగారు.

ఉదయం ఎనిమిది. రెండు గంటల కిందట, ఆ లాడ్జిలో దుప్పట్లు ఉతికే మద్దమ్మ డాబా మీది హీటర్ గదిలో స్పృహ తప్పి పడిపోయింది. ఇప్పుడు ఆక్సిజన్ మీద ఉంది. లాడ్జి మొత్తానికి వేడినీళ్ళిచ్చే ఆ పెద్ద గ్యాస్ హీటర్‌ను నిన్న మధ్యాహ్నమే మల్లేశ్వరి శుభ్రం చేసి వెళ్ళింది. కబురు అందగానే ఎమ్మిగనూరు నుంచి స్కూటీ మీద ఒక్క ఊపున వచ్చింది.

"అన్నా, మద్దమ్మక్క ఎట్లుంది?"

"కండ్లు తెరవల్యా. పాప ఆమె కాడుండాది. నువ్వు మాత్రం బాగుండావు!"

మేనేజర్ తిప్పేస్వామి కౌంటర్ వెనక నుంచి అందుకున్నాడు. "ఆడదానికి గ్యాస్ పని వద్దని అప్పుడే మొత్తుకున్యా. మగ్గం గుంతలో కూసోవాల్సినామె రెంచీ పడితే ఇట్లే ఐతాది."

"నోరు ముయ్యి, తిప్పేస్వామీ." లాడ్జి యజమాని బసవరాజు మెట్లు దిగి వచ్చాడు. పై అంతస్తులోనే ఆయన కాపురం. మల్లేశ్వరికి తనే కుర్చీ లాగాడు. మంచినీళ్ళు తెప్పించాడు. తర్వాత మెల్లగా ఒక కాగితం ముందు పెట్టాడు.

"పొరపాటు ఎవురికైనా జరుగుతాది తల్లీ. నువ్వు పొగగొట్టం బిగించడం మరిచినట్టు రాయించినా. సంతకం పెట్టు. ఎస్సై బయల్దేరినాడంట. ఆయనొచ్చే లోపల నువ్వు ఒప్పుకుంటే, మాట్లాడి నీకు ఇబ్బంది లేకుండా చేస్తా."

మల్లేశ్వరి కాగితం రెండుసార్లు చదివింది. ఇంట్లో మగ్గం ఆగిపోయాక ఏడేళ్ళు కష్టపడి నేర్చుకున్న పని ఇది. సంతకం పెడితే ఆదోనిలో గానీ ఎమ్మిగనూరులో గానీ ఇంకెవరూ ఆమెను హీటర్ మీద చెయ్యి వెయ్యనివ్వరు. మద్దమ్మకు ఏమన్నా అయితే ఈ కాగితమే ఆమెను జైలుకు పంపుతుంది.

"సంతకం తర్వాత సార్. ముందు నేను హీటర్ చూడల్ల."

"ఏం చూస్తావు? చేసిన తప్పు కనపడకుండా తుడిసేసేకా?" అన్నాడు తిప్పేస్వామి.

"నువ్వూ రా. ఏసన్నా, నువ్వు ముందు నడువు. నా చేతులు ఏం చేస్తాయో నీ కండ్లతో నువ్వే చూడు."

డాబా మీద గ్యాస్ కట్టేసి ఉంది. గది తలుపు తెరిచే ఉంది. మల్లేశ్వరి పొగగొట్టాన్ని రెండు చేతులా పట్టి గుంజింది. కదల్లేదు. ప్రతి మరమీదా నిన్న ఆమె గీసిన ఎర్రటి గోళ్ళరంగు గీత చెక్కుచెదరలేదు.

"చూడన్నా. మర తిప్పింటే ఈ గీత విరగల్ల. మరి నేను బిగించంది ఏంది?"

ఏసన్న వంగి గీతను వేలితో తడిమాడు. ఆమె బర్నర్ మూత విప్పింది. లోపల నల్లటి మసి. నిన్న ఇదే బర్నర్‌ను బ్రష్షుతో తోమి, ట్యాంకు అడుగున పేరుకున్న సున్నం పెచ్చులు వదలగొట్టి, నీలం మంట వచ్చేదాకా చూసింది. ఊదుబత్తి వెలిగించి, ఆ పొగ గొట్టంలోకి పోవడం బసవరాజుకూ తిప్పేస్వామికీ చూపించింది కూడా.

"గాలి అందకపోతే గ్యాస్ సగమే కాలి విషమైతాది. వాసన రాదు. తల తిరుగుతాది, మనిషి పడిపోతాడు. ఈ మాట నిన్న ఈ గదిలోనే ఇద్దరికీ చెప్పినా. గాలి కిటికీ మూయద్దండి, మూస్తే మనిషి పోతాడు అన్యానా లేదా, తిప్పేస్వామన్నా?"

"అన్యావులే. ఎవురు మూసినారిప్పుడు? తెరిచే ఉండాది గదా?"

తెరిచే ఉంది. గోడ అడుగున కిటికీకి ఇనుప జాలీ కూడా అలాగే ఉంది. నిన్న దాన్ని కడిగి, నాలుగు మూలలా నూలుపోగుతో ఆమె వేసిన నేతముళ్ళు కూడా అలాగే ఉన్నాయి. మల్లేశ్వరి బయటికి వచ్చి జాలీ ముందు గొంతుక్కూర్చుంది. చుట్టూ చూసింది.

లాడ్జి వెనకే పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు. నిన్న సాయంత్రం నుంచి తెల్లారేదాకా ఆగకుండా నడిచింది. పిట్టగోడ మీద దూది. బట్టల తీగల మీద దూది. నీళ్ళ ట్యాంకు మూత మీద దూది. రాత్రంతా గాలి పీల్చిన జాలీ అన్నిటికంటే తెల్లగా ఉండాలి. దాని మీద ఒక్క పోగు లేదు. జాలీ చుట్టూ గోడ మీద కూడా నలుచదరంగా కొంత మేర శుభ్రంగా ఉంది. ఆమె జానతో కొలిచింది. మూడు జానల పొడవు, జానెడున్నర ఎత్తు.

అంత మేర పలకేదో రాత్రంతా ఇక్కడ అడ్డం ఉంది. కిటికీ మూసిన మనిషి, పడిపోయిన మద్దమ్మను చూశాక మూత తీసి దాచాడు. ఆ తర్వాతే తనకు ఫోన్ చేయించాడు.

మూడేసి మెట్లు దిగుతూ కిందికి వచ్చింది. కౌంటర్ వెనక గోడకు 'వేడినీళ్ళు ఉదయం 5 నుండి 9 వరకు' అన్న చెక్క బోర్డు వేలాడుతోంది. సరిగ్గా ఆ కొలతే. లాగి తీసింది. ముందు వైపు తుడిచారు గానీ చట్రం సందుల్లో దూది ఇరుక్కునే ఉంది. వెనక్కి తిప్పింది. చెక్క మీద గళ్ళ తువ్వాలు పరిచినట్టు తుప్పు గీతలు, నిలువునా అడ్డంగా.

"జాలీ అచ్చు! తడి జాలీకి రాత్రంతా ఆనించింటే పడిన అచ్చు!" ఆమె గొంతు హాలంతా మోగింది. "మనిషి పీల్చే గాలికి బోర్డు అడ్డం పెట్టి, నన్ను సంతకం పెట్టమంటారా? సిగ్గు లేదా మీకు?"

ఏసన్న గిర్రున తిరిగి తిప్పేస్వామి చొక్కా పట్టుకున్నాడు. "నువ్వేనా రా?"

"నేను కాదన్నా! పొద్దున పైనుంచి తెచ్చి తగిలించినా, అంతే! తెమ్మన్యారు, తెచ్చినా!"

"ఎవురు తెమ్మన్యారు?"

తిప్పేస్వామి చొక్కా విడిపించుకుని కౌంటర్ వెనక్కి జరిగాడు.

"బోర్డు సంగతి తర్వాత చూద్దాంలే," బసవరాజు కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. "జీపు వచ్చేసినట్టుంది. నువ్వు మొదట సంతకం కానీ తల్లీ."

ఆమె కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది.

అప్పుడే ఏసన్న జేబులో ఫోన్ మోగింది. కూతురు నందిని. "నాయనా, అమ్మ కండ్లు తెరిచింది! నీతో మాట్లాడతాదంట!"

అందరూ వినాలని ఏసన్న ఫోన్ ముందుకు చాచాడు. మల్లేశ్వరి ఫోన్ అందుకుని స్పీకర్ పెట్టి కౌంటర్ మీద ఉంచింది. మద్దమ్మ గొంతు సన్నగా, ఆగి ఆగి వచ్చింది.

"ఆ కిటికీకి బోర్డు పెట్టినారయ్యా... తల తిరుగుతాంది, తీసేస్తానంటి. తీయద్దన్యాడు. సలిగాలి తగిల్తే నీళ్ళు కాగవంట, మంట ఆరిపోతాదంట. నీ పని నువ్వు చూసుకో పో, అన్యాడు."

గుమ్మంలో ఎస్సై నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. "ఎవరు?" అన్నాడు.

మల్లేశ్వరి ఫోన్ మీదికి వంగింది. "మద్దమ్మక్కా, నేను మల్లేశ్వరిని. అన్యాడంటివే, ఆ మనిషి పేరు సెప్పు. ఈడ అందరూ వింటాండారు. భయపడొద్దు, గట్టిగా సెప్పు."

ఊపిరి తీసుకున్న చప్పుడు. తర్వాత, ఆ గొంతులో ఉన్న సత్తువంతా కూడదీసుకుని:

"మన ఓనరు. బసవరాజు."